చందా కాలేజీ ఆడబిడ్డ

బోర్డు మీద రాసిన పేరు లోకహిత కళాశాల. ఆ పేరు పలికే మనిషి వరంగల్ మొత్తంలో కనబడడు. అందరికీ అది చందా కాలేజీ. అనక ఏం చేస్తారు? దాని ఒంటి మీది ప్రతి ఇటుకా ఎవరో ఒకరు ఇచ్చిందే. ఉన్నవాళ్ళు పైసలిచ్చారు. లేనివాళ్ళు బండెడు ఇసుకో, గంపెడు సున్నమో, ఒక పూట కూలో ఇచ్చారు. కొత్తవాడ మగ్గాల వాళ్ళయితే పిల్లలు కూర్చోవడానికి జంపఖానాలు నేసిచ్చారు. పాత జిన్నింగు మిల్లు షెడ్డులో ఆ జంపఖానాల మీదే క్లాసులు నడిచేవి. వర్షం వస్తే జంపఖానాతో సహా క్లాసు ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిగేది. డెబ్బై తొమ్మిదిలో, ఆ షెడ్డు పక్క ఖాళీ స్థలంలోనే, కాలేజీకి సొంత బిల్డింగు మొదలైంది.

చందాలన్నీ పోగుచేసింది కమిటీ ప్రెసిడెంటు రాజేశ్వర్ రావు. పేరున్న వకీలు, మాటకారి. వర్ధన్నపేటకు పోయినా, కేసముద్రం గంజి మార్కెట్టుకు పోయినా, ఆయన ఉపన్యాసం చివర ఒకటే మాట ఉండేది.

"ఇది కాలేజీ అనుకోకుండ్రి. మీ ఇల్లనుకోండ్రి. మీరు మీ ఇల్లే కట్టుకుంటాండ్రు!"

చప్పట్లు మారుమోగేవి. జనం ఇళ్ళకు పోయి ఆ మాటే చెప్పుకునేవాళ్ళు. అది ఎంత దూరం పోతుందో రావుగారు ఆలోచించలేదు. వకీళ్ళు ఆలోచించకుండా మాట్లాడతారని నేననను గానీ, ఫీజు లేని చోట కొంచెం తక్కువ ఆలోచిస్తారు.

ఆ కాలేజీలో అనసూర్య బీఏ మొదటి సంవత్సరం. కాలేజీ మొత్తానికి మిగిలిన ఒకే ఒక్క ఆడపిల్ల. హన్మకొండలో ఆడపిల్లల కాలేజీ లేక కాదు. కొత్తవాడ నుంచి రోజూ అంత దూరం బస్సులో పంపే స్థోమత జంపఖానాలు నేసే వెంకటరాజానికి లేదు. చందా కాలేజీ అయితే నడిచిపోయేంత దగ్గర. అనసూర్యతో పాటు ఇంకో ఇద్దరు చేరారు. ఒకామె దసరాకే మానేసింది. రెండో ఆమె చలికాలం వరకు ఓపిక పట్టి మానేసింది. కారణం ఇద్దరూ బయటికి చెప్పలేదు. చెప్పుకునే సంగతి కాదు మరి. ఆ ఆవరణలో ఆడవాళ్ళు చాటుకు పోయే చోటు లేదు. మగపిల్లలకు మిల్లు వెనక గోడ ఉంది. అసలు మగవాళ్ళకు లోకమంతా గోడలే.

అనసూర్య దీనికి తనకు తానే ఒక ఉపాయం కనిపెట్టుకుంది. నీళ్ళు తాగడం మానేసింది. పొద్దున ఇంట్లో గుక్కెడు, మళ్ళీ ఇంటికి వచ్చాకే చెంబెడు. షెడ్డు గుమ్మం పక్కన ఇసుకలో కూర్చోబెట్టిన రంజన్, అంటే మంచినీళ్ళ మట్టికుండ, ఉండేది. దాని మీద మూత, మూత మీద ఇత్తడి చెంబు. మగపిల్లలు గటగటా తాగి, మిగిలిన నీళ్ళు ఒకరి మీద ఒకరు చల్లుకునేవాళ్ళు. ఆ పక్క నుంచి పోయేటప్పుడు అనసూర్య ముఖం తిప్పుకునేది.

ఫాల్గుణంలో ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం అర్థశాస్త్రం క్లాసులో గిరాకీ, సరఫరా గురించి రాసుకుంటూ రాసుకుంటూ అనసూర్య పక్కకు ఒరిగిపోయింది. ప్రిన్సిపాల్ మల్లికార్జున్ కంగారుగా ఆమెను రిక్షా ఎక్కించి దవాఖానకు తీసుకుపోయాడు. ఒంట్లో నీళ్ళ చుక్క లేదని డాక్టరు అందరి మీదా అరిచాడు. వెంకటరాజం మగ్గం గుంటలోంచి లేచినవాడు లేచినట్టే, తలలో దూది పోగులతోనే ఉరికొచ్చాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన గొంతు పెంచలేదు. పెంచితే బాగుండు అనిపించింది అనసూర్యకు.

"ఇగ చాలు బిడ్డా. చదువు మంచిదే. గని నీళ్ళు తాగకుంట చదివే చదువు మనకద్దు."

"కొత్త బిల్డింగుల ఆడపిల్లలకు గది కడ్తరట బాపూ."

"కట్టినంక పో. అందాక ఇంట్ల కండెలు వట్టు." కూతురి ముఖం చూసి కొంచెం మెత్తబడ్డాడు. "దర్వాజ ఎత్తిన్నాడు నేను గూడ వస్త. గా సంబురం చూసుకో. గా దినంతోని సరి."

కండెలు పట్టడం, అంటే రాట్నం మీద నూలు చుట్టడం, కష్టమైన పని కాదు. కానీ ఒకసారి రాట్నం ముందు కూర్చుంటే ఏళ్ళు ఎట్లా గడుస్తాయో తెలియదు. అమ్మ అట్లాగే పెళ్ళయిన కొత్తలో కూర్చుంది, ఇంకా లేవలేదు.

పైగా గది సంగతి కూడా ఆమె అనుకున్నట్టు లేదు. మర్నాడు పుస్తకాలు తెచ్చుకోవడానికి పోయినప్పుడు మల్లికార్జున్ సార్ చెప్పలేక చెప్పలేక చెప్పాడు. ప్లానులో ఉత్తరం మూల ఆడపిల్లల గది, దాని వెనక మరుగుదొడ్డి, అన్నీ ఆయనే గీయించాడు. కమిటీ కొట్టేసింది. దాని బదులు ప్రెసిడెంటుకు ఆఫీసు గది వచ్చింది.

"ఒక్క పిల్ల కోసం గదేందయ్యా? పిల్లలు రానియ్యి, గది అదే వస్తది" అన్నాడట రాజేశ్వర్ రావు.

"గది లేకుంటే పిల్లలు రారు సార్."

"పిల్లలే లేకుంటే గది ఎందుకు మరి?"

గానుగెద్దు తిరిగినట్టు ఆ మాట అక్కడే తిరిగి తిరిగి ఆగిపోయింది. మల్లికార్జున్ మంచివాడే, కానీ ప్రెసిడెంటు ముందు ఆయన మంచితనం చేతులు కట్టుకుని నిలబడేది.

ఇక దర్వాజ సంగతి. మా వైపు కొత్త ఇంటికి గుమ్మం నిలబెట్టడమంటే చిన్న పెళ్ళి. ముహూర్తం ఉంటుంది, డప్పులుంటాయి. ముందుగా ఆ ఇంటి ఆడబిడ్డ, అంటే ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్ల, దర్వాజకు పసుపు రాసి బొట్టు పెట్టాలి. ఆమె పెళ్ళయిపోయినా, ముసలిదైనా ఆ ఇంటికి ఆడబిడ్డే. బొట్టు పెట్టాక ఆమె నోరు తెరిచి ఏదో ఒకటి అడుగుతుంది. చీరె అడగొచ్చు, మేకనడగొచ్చు. అన్నదమ్ములు ఒప్పుకునేదాకా ఆమె దర్వాజను లేవనివ్వదు. ఏడాది పొడవునా ఎవరూ పట్టించుకోని ఆడబిడ్డ కూడా ఆ ఒక్క గడియ మహారాణి.

కాలేజీ కాబట్టి ఇవన్నీ పైపైన కానిచ్చేద్దామనుకున్నాడు రాజేశ్వర్ రావు. హన్మకొండలో ఉన్న తన చెల్లెలిని రమ్మన్నాడు. ఆమె కోసం ఒక పట్టుచీరె కాగితంలో చుట్టించి పెట్టాడు. ఒక ఆడబిడ్డ, ఒక చీరె. లెక్క సరిపోయింది.

ఆ పొద్దున అనసూర్య తండ్రి వెంట వచ్చేసరికి టేకు దర్వాజ దిమ్మెల మీద పడుకుని ఉంది. మనుషులు ఇద్దరు పక్కపక్కన నడిచిపోయేంత వెడల్పు. వడ్రంగి కొమురెల్లి దాన్ని చేత్తో నిమురుతూ, తను చెక్కిన మామిడికాయలను వచ్చినవాళ్ళకల్లా చూపిస్తున్నాడు. ఇదే ఆఖరి రోజు అనుకుంటూ అనసూర్య షెడ్డును, జంపఖానాలను, బ్లాక్‌బోర్డును ఒక్కొక్కటే చూసుకుంది. ఏడుపు వస్తుందేమోనని డప్పుల వైపు పోయి నిలబడింది.

అంతలో ఒక రిక్షా వచ్చింది. అందులోంచి కొత్తచీరె కట్టుకున్న ఆమె దిగింది, చేతిలో పసుపు కుంకుమల పళ్ళెం. ఆ వెనక ఇంకో రిక్షా. తర్వాత వర్ధన్నపేట వైపు నుంచి ఎడ్లబండి, బండినిండా ఆడవాళ్ళు, ప్రతి ఒడిలో ఒక పళ్ళెం. కేసముద్రం వైపు ప్యాసింజరు దిగినవాళ్ళు స్టేషన్ నుంచి మందగా నడుచుకుంటూ వచ్చారు. మడికొండ నుంచి ఒక అవ్వను మనవడు సైకిలు మీద తెచ్చాడు. వాళ్ళ వెనకే వాళ్ళ అన్నదమ్ములూ వచ్చి ఒక పక్కన నిలబడ్డారు. రాజేశ్వర్ రావు మొదట మురిసిపోయాడు. చదువంటే ఆడవాళ్ళకు ఎంత ప్రేమ అనుకున్నాడు. ఎదురుపోయి ఒకామెకు దండం పెట్టాడు.

"ఎవరమ్మా మీరు?"

"ఆడబిడ్డను."

"ఎవరి ఆడబిడ్డ?"

"గిదేందయ్యా, ఈ ఇంటి ఆడబిడ్డను! మా అన్న బండెడు ఇసుక పోసిండు గద. మీ ఇల్లే అంటిరట గద."

రావుగారు ఇంకో ఆమెను అడిగాడు. ఆమె తమ్ముడు సున్నం ఇచ్చాడు, కాబట్టి ఆమె కూడా ఆడబిడ్డే. ఇంకో ఆమె అన్న పునాది తవ్విన నాడు పలుగు పట్టాడు. చందా ఇచ్చిన ప్రతి మగవాడూ ఇంటికి పోయి "మన ఇంటికి దర్వాజ ఎత్తుతాండ్రు" అని చెప్పినట్టున్నాడు, చెల్లెళ్ళూ అక్కలూ పసుపు కలుపుకుని బయలుదేరినట్టున్నారు. రావుగారు చేతిలోని ఒక్క చీరె పొట్లాన్ని మెల్లగా వీపు వెనక దాచుకున్నాడు. అది చూసి అనసూర్యకు అంత దుఃఖంలోనూ నవ్వొచ్చింది.

"ఎవలో ఒగలు ముందుకు రాండ్రి, మొదలు పడే చెయ్యి ఒక్కటే ఉండాలె" అని కొమురెల్లి అరిచాడు. అనకుండా ఉంటే బాగుండేది. అందరూ ఒక్కసారే ముందుకొచ్చారు. ఇటుకల ఆడబిడ్డలు ఒక జట్టు, ఇసుక ఆడబిడ్డలు ఒక జట్టు అయ్యారు. ఇటుక లేకుంటే గోడేదని వీళ్ళు, ఇసుక లేకుంటే ఇటుక నిలబడుతుందా అని వాళ్ళు. రావుగారి చెల్లెలు పట్టుచీరెలో ఒక కుర్చీలో బిగుసుకుని కూర్చుని, లేవకుండా అందరినీ చూస్తోంది. పూజ చేయించే అయ్యగారు ముహూర్తం దాటుతుందేమోనని గడియారం చూసుకుంటున్నాడు.

ఈ గొడవలో ఒక పొడుగాటి ముసలామె మందలోంచి బయటికొచ్చి, కుర్ర ఆడపిల్ల ఎవరైనా ఉందా అని చుట్టూ చూసి, అనసూర్య మోచెయ్యి పట్టుకుంది. కేసముద్రం నుంచి వచ్చిన బక్కమ్మ ఆమె. ఆమెను వెంటబెట్టుకొచ్చిన తమ్ముడు ఉప్పలయ్య గంజిలో హమాలీ. కాలేజీకి వచ్చిన రాళ్ళ లారీలు దింపి కూలి తీసుకోకుండా పోయిన మనిషి.

"బిడ్డా, తెల్లారంగ రైలెక్కిన. బయటికి పోవాలె. ఏడికి పోవాలె?"

అనసూర్య ఆమెను రోడ్డు దాటించి, కంకర కుప్పలు దాటించి, తుమ్మచెట్ల దాకా నడిపించుకుపోయింది. వాళ్ళను చూసి ఇంకొందరు వెంటబడ్డారు. అందరికీ అదే అవసరం, ఎవరూ నోరు తెరవలేదంతే. కొంగులు అడ్డం పట్టి ఒకరికొకరు కాపలా కాసుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు బక్కమ్మ ముళ్ళు దులుపుకుంటూ అడిగింది.

"నువ్వీన్నే చదువుతానవా?"

"అవునవ్వా."

"మరి దినాం గింత దూరం వస్తవా?"

"రాను."

"రాకుంటెట్ల?"

"నీళ్ళు తాగనవ్వా" అంది అనసూర్య. ఇంతకాలం ఎవరికీ చెప్పని మాట ఆ ముసలామెకు అంత తేలిగ్గా చెప్పేసినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది. ఇక ఆగలేదు. కళ్ళు తిరిగి పడ్డ సంగతి, ప్లానులో గది కొట్టేసిన సంగతి, ఈ రోజుతో చదువు సరి అన్న సంగతి, అన్నీ చెప్పేసింది. బక్కమ్మ నడక వేగం పెరిగింది.

కొత్త బిల్డింగు దగ్గర ఇంకా ఇటుకా ఇసుకా తేలలేదు. బక్కమ్మ మధ్యలోకి పోయి చేతులు చాపింది.

"జర ఆగుండ్రే! మనల ఎవ్వలమే ఈ ఇంట్ల పుట్టింది? మనం పుట్టింది మన తల్లిగారిండ్లల్ల. ఈ ఇంటికని పుట్టిన ఆడపిల్ల ఒక్కతే ఉన్నది. అగో, డప్పుల కాడ నిలవడ్డది సూడుండ్రి."

అందరి తలలూ తిరిగాయి. అనసూర్యకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. గుంపులో ఎవరో అన్నారు, "నిజమే గద, ఈ బిడ్డనే గద ఈన్నుండేది." ఇటుకల వాళ్ళు ఒప్పుకున్నారు. ఇటుకల వాళ్ళకు దక్కనందుకు ఇసుక వాళ్ళూ సంతోషంగా ఒప్పుకున్నారు.

పసుపు గిన్నె ఆమె చేతికొచ్చింది. టేకు చెక్క మీద పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. ఒక బొట్టు వంకర పోయింది. "ఏం గాదు, దిష్టి చుక్క" అన్నాడు కొమురెల్లి. డప్పులు ఒక్కసారి మోగి ఆగాయి.

రాజేశ్వర్ రావుకు ప్రాణం లేచొచ్చింది. ఒకే ఆడబిడ్డ తేలింది, చేతిలో ఒకే చీరె ఉంది. వీపు వెనక నుంచి పొట్లం తీసి చాపాడు.

"తీస్కో బిడ్డా. చల్లగుండు."

అనసూర్య చెయ్యి చాపలేదు. బక్కమ్మ ఆమె నడుము మీద వేలితో పొడిచింది. "అడుగు. ఇయ్యాళ నువ్వడిగేటిదానివి, వాళ్ళిచ్చేటోళ్ళు. మళ్ళ దొరుకరు."

"చీరె వద్దు సార్." అందరికీ వినబడేలా మళ్ళీ అంది. "చీరె వద్దు సార్. నాకు గది గావాలె."

"ఏం గది?"

"ప్లాన్ల కొట్టేసిన గది. ఆడపిల్లలది."

రాజేశ్వర్ రావు నవ్వాడు, కోర్టులో వాయిదా అడిగేటప్పుడు నవ్వే నవ్వు అది.

"తప్పకుండ కడ్తం బిడ్డా. వచ్చే ఏడు ఖచ్చితంగ కడ్తం."

బక్కమ్మ పోయి దర్వాజ మీద చతికిలబడింది. "అయితే దర్వాజ గూడ వచ్చే ఏడే ఎత్తుకోండ్రి వకీల్ సాబ్!"

ఆమె పక్కన ఇసుక ఆడబిడ్డ కూర్చుంది. ఆమె పక్కన ఇటుకల ఆడబిడ్డ. చోటు చాలనివాళ్ళు దర్వాజ చుట్టూ కూర్చున్నారు, పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని, చింత లేకుండా. కొమురెల్లి లబలబలాడాడు, "అమ్మా, నా మామిడికాయలు!" అని. ఎవరూ లేవలేదు. అయ్యగారు గడియారాన్ని రావుగారి ముఖం దగ్గర పెట్టి చూపించాడు. వకీలుగారు నోరు తెరిచాడు, వాదించడానికి మాట దొరకలేదు. తన మాటే అక్కడ వరసగా కూర్చుని ఉంది మరి.

ఆయన దిక్కు తోచక కుర్చీలోని చెల్లెలి వైపు చూశాడు. ఆమె ఆయన్ను దగ్గరికి పిలిచి చెవిలో అన్నది, పక్కనున్న అనసూర్యకూ వినబడింది.

"అన్నా, పొద్దటిసంది నేను గూడ ఓపిక పట్టుకోని కూసున్న. ఈ కుర్చీల నుంచి లేస్తె నా సంగతి దేవునికెరుక. నాకు చీరె వద్దు, ఏం వద్దు. గది కట్టు."

రావుగారి ముఖం కుంకుమ పళ్ళెమంత ఎర్రబడింది. ఒక్క నిమిషం తల వంచుకున్నాడు. మళ్ళీ ఎత్తినప్పుడు ఆ ముఖంలో నవ్వుంది. ఈసారిది కోర్టు నవ్వు కాదు.

"ఇది మీ ఇల్లే అన్నది నేనే. అన్న మాట తప్పితే నేనేం వకీలును? నా ఆఫీసు గది ఆగని. ఆడపిల్లల గదే ముందుగాల లేస్తది!"

ఇక చూడాలి. "మా చెల్లె చీరెకు బదులు ఇటుకలు నేను పంపుత" అని ఒక అన్న అరిచాడు. "మా అక్క మేక కింద పెంకులు నావి" అని ఇంకో తమ్ముడు. ఉప్పలయ్య దింపే పనంతా తనదే అన్నాడు. చీరెకు ఆశపడి వచ్చిన ఆడబిడ్డలే అన్నదమ్ముల పేర్లు పిలిచి పిలిచి మాటలు తీసుకున్నారు. ఇవ్వనంటే ఊరుకునేలా లేరు. అయ్యగారు "గడియ పోతాంది" అని కేకేశాడు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, లెక్చరర్లు, హమాలీలు, చెయ్యి పట్టే సందు దొరికిన ప్రతివాడూ దర్వాజ పట్టాడు. డప్పులు దడదడలాడాయి. దర్వాజ లేచి నిలబడింది, వంకర బొట్టు ఆకాశంలోకి పోయింది. కొబ్బరికాయలు పగిలాయి, ఎండుకొబ్బరి కుడకలు, బెల్లం చేతుల్లో పడ్డాయి. అనసూర్య నవ్వుతోంది, ఏడుస్తోంది, ఏది ముందో ఆమెకే తెలియదు.

"గది ఎప్పుడో వస్తది. ఇయ్యాళ్టి సంగతేంది?" అంది బక్కమ్మ, బెల్లం నములుతూ. రావుగారి చెల్లెలు ఆశగా తలెత్తింది. కొమురెల్లి ఇద్దరు మనుషులను పెట్టుకుని వెదురు తడకలు తెప్పించాడు. ఉత్తరం మూలలో, ప్లానులో గది ఉండాల్సిన చోటనే, కర్రలు పాతి చుట్టూ తడకలు కట్టాడు. అందరికంటే ముందు అందులోకి నడిచింది హన్మకొండ పట్టుచీరె. నడిచింది అనడం మర్యాద కోసం, ఉరికింది.

తొలకరికి నిజం గది లేచింది. ప్రెసిడెంటు ఆఫీసు ఆ పైన చాలాకాలం వరండాలోనే నడిచింది. కాలేజీలు తెరిచాక జంపఖానా మీద ఆడపిల్లల వరస ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సాగింది. కానీ అదంతా తర్వాతి మాట.

ఆ రోజు అనసూర్య తండ్రి కోసం వెతికింది. వెంకటరాజం తడకల దగ్గర నిలబడి, అల్లిక ఎట్లా ఉందో పోగులు చూసినట్టు చూస్తున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"బాపూ, రేపటిసంది కండెలు వట్టాల్నా?"

ఆయన తడకను చేత్తో తట్టి చూశాడు. "గది తలుపుకు పరదా గావాలె గద. మంచిగ అంచు వేసి నేనే నేస్త." కూతురి వైపు చూడకుండా అన్నాడు. "కండెలు నేను, మీ అమ్మ చూసుకుంటం. నువ్వు కాలేజీకి వో."

అనసూర్య తిన్నగా షెడ్డు గుమ్మం దగ్గరికి పోయింది. రంజన్ మూత తీసింది, చెంబు ముంచింది. నీళ్ళు చల్లగా, ఇసుక వాసనతో ఉన్నాయి. నిలబడే ఎత్తి తాగింది, గడ్డం మీంచి కారి ఓణీ తడిసిపోయినా ఆగలేదు. చెంబు ఖాళీ అయింది. మళ్ళీ ముంచింది.

"మెల్లగ బిడ్డా, పొలమారుతది" అన్నాడు వెంకటరాజం వెనక నుంచి.

"ఇంకొక్క చెంబు బాపూ" అంది అనసూర్య.